2 గ్రాముల ఉంగరంలో 2.7 మీటర్ల తీగ

జైపూర్ ఉంగరం అంటే ఎవరైనా ముందు రాజస్థాన్ వైపే చూస్తారు. 1727లో కట్టిన ఆ ఊరు రత్నాలు సానబట్టడంలో పేరుమోసింది. 2018లో అక్కడ ఆమ్రపాలి పేరుతో నగల మ్యూజియం కూడా తెరిచారు. మన జైపూర్ వేరు. గోదావరిఖని వంతెన దాటి ఇందారం మీదుగా చెన్నూరు తోవ పడితే తగిలే మండలం ఇది. ఇక్కడ అందరి నోటా ఉండే అంకె 1,200. పెగడపల్లి దగ్గర బొగ్గు సంస్థ సింగరేణి కట్టిన థర్మల్ కేంద్రంలో 600 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి, వాటి లెక్క అది. ఉంగరాల మ్యూజియం ఇక్కడ లేదు. ఉంగరాలు పెట్టుకునే వేళ్లు మాత్రం బోలెడు. దసరా వచ్చిందంటే ఆ వేళ్లకు లెక్కలు మొదలవుతాయి.

ఆ లెక్కే ముందు చూద్దాం. 2024 సెప్టెంబరులో, దసరాకు ముందు, సింగరేణి లాభాల్లో కార్మికుల వాటా 33 శాతమని, మొత్తం 796 కోట్లని ప్రకటించారు. సగటున మనిషికి లక్షా 90 వేలు. 2025లో వాటా 34 శాతం, 819 కోట్లు, సగటున 1,95,610 రూపాయలు. పెరిగింది కదా అనుకుంటాం. 2024 సెప్టెంబరు చివర్లో మేలిమి బంగారం తులం 75 వేలు దాటింది. మరుసటేడు అదే రోజులకు లక్షా పది వేలు దాటింది. అంటే మొదటి ఏడాది వాటాకు దాదాపు రెండున్నర తులాలు వచ్చేవి, రెండో ఏడాది వాటాకు ఒకటీ ముప్పావు. చేతికొచ్చిన డబ్బు ఐదు వేలు ఎక్కువ, బంగారం ముప్పావు తులం తక్కువ. ఇక్కడ తులమంటే దుకాణాల్లో ఇప్పుడు చెప్పే 10 గ్రాములు. పాత తులం 11.66 గ్రాములు. ఆ 1.66 ఎవరి జేబులోకి పోయిందని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

గొలుసు, గాజులు చేయించే స్తోమత ఇలా తగ్గేకొద్దీ కొనేవాళ్ల చూపు ఉంగరం మీదికి దిగుతుంది. అది ఎంత చిన్న వస్తువో, అందులో లోహం ఎంతో, మనిషి చెయ్యి ఎంతో ఒకసారి కొలిచి చూస్తే బాగుంటుంది.

14 నంబరు వేలు

ఉంగరం కొలతకు అవుసలాయన మన వేలికి వరసగా రింగులు తొడిగి చూస్తాడు. 12, 14, 16 అంటూ ఒక నంబరు చెబుతాడు. మన దుకాణాల్లో వాడే ఆ నంబరుకు 40 కలిపితే ఉంగరం లోపలి చుట్టుకొలత మిల్లీమీటర్లలో సుమారుగా వచ్చేస్తుంది. 14 నంబరంటే 54 మి.మీ. రెండు మి.మీ. వెడల్పు, ఒకటిన్నర మి.మీ. మందం ఉన్న సాదా ఉంగరం 22 క్యారట్ల బంగారంతో చేస్తే 3.1 గ్రాములు తూగుతుంది. అదే కొలతతో వెండిలో చేస్తే 1.8 గ్రాములే. వెండి సాంద్రత తక్కువ, అందుకే అంత తేడా.

మేలిమి తులం లక్షా పది వేలున్న రోజున ఆ బంగారు ఉంగరంలో లోహమే 31 వేల పైచిలుకు. దాని మీద తరుగు, మజూరీ. ఈ రెంటినీ దుకాణాలు ఎక్కువగా బంగారం విలువలో శాతంగా వేస్తాయి. నా మాటగా చెప్పాలంటే నగల బిల్లులో అన్నిటికంటే విచిత్రమైన గీత ఇదే. చేసే పని మారలేదు. సుత్తి దెబ్బలు అన్నే, కుంపటి ముందు కూర్చున్న గంటలు అన్నే. బంగారం ధర పెరిగినందుకు మజూరీ కూడా పెరుగుతుంది. పెరిగిన ఆ మొత్తం చేసిన చేతికి చేరుతుందా అంటే, కార్ఖానాలో కూలి కట్టేది వేరే లెక్కన, గ్రాముకు ఇంతని. కొనేవాడికి శాతం, చేసేవాడికి గ్రాము. మధ్యలో ఉన్న తేడా ఎవరిదో చెప్పక్కర్లేదు.

ఈ గ్రాము లెక్క ఎంత అన్యాయమో బంగారంలో అంతగా కనబడదు. కనబడాలంటే ఇక్కడి నుంచి కరీంనగర్ దాకా పోవాలి.

తీగను లాగితే

కరీంనగర్ వెండి ఫిలిగ్రీ మొదలైంది ఎలగందులలో. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారితే పనివాళ్లూ అటే కదిలారు. ఈ పనికి పేరు తెచ్చినవి అత్తరుదానులు, పాన్‌దాన్‌లు, పళ్లేలు, చిన్న పెట్టెలు. నగలూ చేస్తారు. 2023లో ఢిల్లీలో జీ20 సదస్సుకు వచ్చిన అతిథుల కోసం అశోక చక్రం బ్యాడ్జీలు చేసింది ఇక్కడి చేతులే.

పని చెప్పడానికి తేలిక. వెండిని మూసలో కరిగించి కడ్డీ పోస్తారు. కడ్డీని సాగగొట్టి, కమ్మచ్చులో పెద్ద బెజ్జం నుంచి చిన్న బెజ్జానికి ఒక్కోటీ దాటిస్తూ లాగుతారు. లాగేకొద్దీ తీగ బిగిసిపోతుంది, ఇంకా లాగితే తెగుతుంది. అందుకే మధ్యమధ్యలో కాల్చి మెత్తపరచాలి. చివరికి వెంట్రుకలాంటి రెండు పోగులు కలిపి పురి పెట్టి, ఆ పురిని నొక్కి చదును చేస్తారు. అప్పుడు దాని అంచు రంపపు పళ్లలా మెరుస్తుంది. మందం తీగతో ఆకు, పువ్వు, నెమలి అంచులు కట్టి, వాటి కడుపులో ఈ సన్న పురిని సుడులు సుడులుగా నింపుతారు. వెలిగారం, టంకం పొడి చల్లి మంట ఊదితే అన్నీ ఒకటిగా అతుక్కుంటాయి. మంట ఒక్క క్షణం ఎక్కువైతే పొద్దుటి నుంచి పేర్చిన సుడులన్నీ ముద్ద అయిపోతాయి.

ఇప్పుడు అంకెలు. తీగ అడ్డుకొలత సగమైతే పొడవు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. 2 మి.మీ. మందమున్న మూరెడు వెండి తీగ సుమారు 15 గ్రాములుంటుంది. దాన్ని 0.3 మి.మీ. దాకా లాగితే 20 మీటర్లవుతుంది. అంటే ఒక గ్రాముకు 1.35 మీటర్లు. తులం వెండి రెండు చీరల పొడవు దాటుతుంది.

ఉంగరానికి వద్దాం. 2 గ్రాముల వెండితో ఉంగరం చేయాలనుకుందాం, మొత్తం 0.3 మి.మీ. తీగే అనుకుందాం. నిజానికి అంచులకు మందం తీగ కావాలి, ఇది లెక్క అర్థం కావడానికి. 2.7 మీటర్ల తీగ. 14 నంబరు వేలికి దాన్ని చుడితే 50 సార్లు తిరుగుతుంది. యాభై చుట్ల తీగనూ సుడులుగా తిప్పి, రెండు వేళ్ల మధ్య పట్టే అచ్చులో ఇమిడ్చితే ఒక ఉంగరం. 2025 డిసెంబరులో కిలో వెండి రెండు లక్షలు దాటింది. ఆ ధరకు లెక్కగట్టినా ఈ ఉంగరంలో లోహం 400 రూపాయలు. మిగతాదంతా చెయ్యే.

అదే పనివాడు ఇంకా నాణ్యంగా చేద్దామని 0.2 మి.మీ. తీగ తీశాడనుకోండి. గ్రాముకు 1.35 మీటర్లు కాస్తా 3 మీటర్లవుతుంది. వంచాల్సిన తీగ రెండుంపావు రెట్లు పెరిగింది, తూకం పెరగలేదు. గ్రాముకు ఇంతని కూలి కడితే సన్నగా చేసినవాడికి నష్టం, మోటుగా చేసినవాడికి లాభం. ఈ పని చేసేవాళ్లు తగ్గిపోతున్నారని, పిల్లలు వేరే కొలువులు చూసుకుంటున్నారని వాపోయే ముందు ఈ ఒక్క గుణకారం చేసి చూడాలి. బొగ్గుబాయిలో టన్నుకు లెక్క సరిపోతుంది. సాలెగూడును తూకం వేసి కొనే లెక్క ఎక్కడా సరిపోదు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఫిలిగ్రీ ఉంగరం రోజూ పెట్టుకునే వస్తువు కాదు. చీర పోగు, జుట్టు, తువ్వాలు దారం, దేన్నైనా పట్టేసుకుంటుంది. అంట్లు తోమే చేతికి, స్పానర్ పట్టే చేతికి నప్పదు. పండక్కి తీసి, పండగ అయ్యాక దూదిలో చుట్టి పెట్టుకోవాలి. అలా దాచిపెట్టుకునే వస్తువులకు చివరి చోటు మ్యూజియం.

అద్దం వెనక ఎవరి పేరు

సాలార్‌జంగ్ మ్యూజియం 1951 డిసెంబరు 16న తెరుచుకుంది. కళావస్తువులే దాదాపు 43 వేలు. చిన్నప్పుడు స్కూలు నుంచి వెళ్లినవాళ్లెవరైనా గడియారం ముందు గుమిగూడి, ఆ తర్వాత మేలిముసుగు రెబెక్కా ముందు నోరు తెరుస్తారు. 1876లో మొదటి సాలార్‌జంగ్ కొన్న పాలరాతి బొమ్మ అది. చెక్కిందెవరు? జియోవన్నీ మారియా బెంజోనీ, ఇటలీవాడు. ఆ పేరు గైడ్లకూ, బడిపిల్లలకూ నోటికొస్తుంది. అదే మ్యూజియంలో కరీంనగర్ ఫిలిగ్రీ కూడా ఉంది. ఇలాంటి పనితనానికి మన మ్యూజియాల్లో మామూలుగా కనిపించే పరిచయం ఊరి పేరు, శతాబ్దం, లోహం. రాతిని ముసుగుగా మార్చినవాడి పేరు మిగిలింది, వెండిని జాలీగా మార్చినవాడి పేరు మిగల్లేదు. రెంటిలో ఏది కష్టమో నేను తేల్చలేను.

నిజాం నగలు తీసుకోండి. 173 వస్తువులు. భారత ప్రభుత్వం 1995లో 218 కోట్లు పెట్టి కొన్నది. వాటిని పిలిచేది యజమాని పేరుతో. అందులో మకుటంలాంటి జాకబ్ వజ్రం 184.75 క్యారట్లు. క్యారట్ అంటే 0.2 గ్రాము కాబట్టి దాదాపు 37 గ్రాములు. దానికి ఆ పేరెలా వచ్చింది? 1891లో ఆరో నిజాంకు అమ్మజూపిన వ్యాపారి అలెగ్జాండర్ మాల్కం జాకబ్ పేరది. తండ్రి బూటు కొనలో దొరికిన ఆ రాయిని ఏడో నిజాం కాగితాలు ఎగరకుండా బరువుకు వాడాడన్న సంగతీ అందరికీ తెలుసు. అమ్మినవాడు తెలుసు, కొన్నవాడు తెలుసు, బూటు ఎవరిదో కూడా తెలుసు.

ఇంకా వెనక్కి పోతే న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక జత బంగారు కమ్మలున్నాయి. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటివని, ఆంధ్ర దేశానివి కావచ్చని మ్యూజియం చెబుతుంది. రెక్కల సింహం, ఏనుగు, వాటి మీద ఆవగింజ కంటే చిన్న బంగారు రవ్వలు. చెవి తమ్మె సాగిపోయేంత బరువు. మ్యూజియం ఇచ్చిన సంఖ్య 1981.398.3, 4. మొదటిది మ్యూజియానికి చేరిన సంవత్సరం, రెండోది ఆ ఏడాది వరసలో ఆ కానుక సంఖ్య, చివరివి అందులో ఒక్కో వస్తువుకు. రెండువేల ఏళ్ల నగకు చేరిన ఏడాది తెలుసు, ఇచ్చినవాళ్లు తెలుసు. చేసినవాడికి ఒక్క అంకె కూడా దక్కలేదు. అంత పాతదానికి పేరెక్కడ తెస్తామంటారా, నిజమే. నిన్నమొన్న కరీంనగర్‌లో చేసినదానికైనా తేవచ్చుగా.

తెచ్చిన చోట్లున్నాయి. వెండీ రామ్‌షా అని ఇంగ్లండ్‌లో ఒకావిడ, 1939లో పుట్టి 2018లో పోయారు. పెద్ద దుకాణం లేదు, రాజవంశం లేదు. చదివింది బొమ్మలు, బట్టల డిజైను. 1960లలో భర్త డేవిడ్ వాట్కిన్స్‌తో కలిసి కాగితంతో, అక్రిలిక్‌తో నగలు చేసి అమ్మారు. తర్వాత ఆవిడకు పేరు తెచ్చినవి ఉంగరాలే. ఒక్కటి కాదు, సన్నటివి నాలుగైదు కలిపి ఒక సెట్. ఎవరికి నచ్చిన వరసలో వాళ్లు వేలికి పేర్చుకోవచ్చు. తీసేశాక పెట్టుకోవడానికి లేత్ మీద తిప్పిన చిన్న స్తంభాన్ని ఆవిడే చేసి ఇచ్చేవారు. వేలి మీద ఉంటే ఉంగరం, బల్ల మీద ఉంటే శిల్పం. 1972లో బ్రిటన్ డిజైన్ కౌన్సిల్ అవార్డు దక్కింది, నగలకు ఆ అవార్డు రావడం అదే మొదలు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆవిడ ఉంగరాలు ఆవిడ పేరుతోనే ఉన్నాయి.

జూరిచ్‌లోని స్విస్ జాతీయ మ్యూజియంలో ఉన్న కోఖ్ సేకరణది ఇంకో దారి. ఫ్రాంక్‌ఫర్ట్ నగల వ్యాపారి లూయీ కోఖ్ వందేళ్ల కిందట సుమారు 1,700 ఉంగరాలు పోగేశాడు. పాతవాటిలో చేసినవాళ్ల పేర్లు దొరకనివే ఎక్కువ. ఆయన వారసులు ఊరుకోక తమ కాలపు ఉంగరాలు వందల్లో చేర్చారు, ఒక్కోటీ చేసినవాళ్ల పేరుతో. ఒకే గదిలో పేరు లేని కాలం, పేరున్న కాలం పక్కపక్కనే కనబడతాయి.

ముద్రలు నాలుగు నుంచి మూడు

మన దగ్గర పేరు నిలపడానికి చట్టాలు లేకపోలేదు. కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆదిలాబాద్‌లో ఓఝాలు చేసే డోక్రా ఇత్తడి పోత పనికి 2018లో. ఇది ఊరికిచ్చే పేరు. కానీ ఆ చట్టం కింద ఉన్న రిజిస్టరులో రెండు భాగాలున్న సంగతి చాలామందికి తెలియదు. ‘ఎ’ భాగంలో వస్తువు, ఊరు. ‘బీ’ భాగంలో ఆ పేరు వాడుకునే హక్కున్నవాళ్ల పేర్లు, ఒక్కొక్కరివీ విడివిడిగా. పదేళ్లకోసారి తిరగరాయించుకోవాలి. ఊరి పేరుకు ఫ్లెక్సీలు కట్టినంత ఉత్సాహం ఈ బీ భాగం మీద చూపితే పనివాళ్లకు నాలుగు రాళ్లు ఎక్కువ వస్తాయి.

బంగారం దగ్గర మాత్రం వెనక్కి నడిచాం. హాల్‌మార్క్ నగ మీద మునుపు నాలుగు గుర్తులుండేవి. బీఐఎస్ చిహ్నం, స్వచ్ఛత, పరీక్షించిన కేంద్రం గుర్తు, నగల వ్యాపారి గుర్తు. 2021 జూన్ 16న హాల్‌మార్క్ తప్పనిసరి చేయడం మొదలైంది. ఆ జులై నుంచి ముద్రలు మూడయ్యాయి. బీఐఎస్ చిహ్నం, స్వచ్ఛత, ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేనిది అమ్మకూడదు. కొనేవాడికి ఇది మేలే, కల్తీ తగ్గుతుంది. ఆ ఆరు గుర్తులను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అమ్మిన దుకాణం తెలుస్తుంది. సుత్తి పట్టినవాడు నాలుగు ముద్రలప్పుడూ లేడు, మూడు ముద్రలప్పుడూ లేడు.

పైగా మినహాయింపులున్నాయి. రెండు గ్రాముల లోపు నగకు హాల్‌మార్క్ అక్కర్లేదు. ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారం చేసేవాళ్లకూ అక్కర్లేదు. చిన్నవాళ్లకు ఊరటే అది. కానీ దాని ఫలితం చూడండి. మన బజార్లో కుంపటి, ఊదుగొట్టం, గీటురాయి పెట్టుకుని కూర్చునే అవుసలాయన ఎక్కువగా ఈ కోవలోకే వస్తాడు. ఇంగ్లండ్‌లో స్టూడియో జ్యువెలర్ అని మర్యాదగా పిలిచేది సరిగ్గా ఇలాంటి మనిషినే. సొంత చోటు, సొంత చెయ్యి, అడిగినవాడి వేలికి తగ్గట్టు ఒక్కోటీ విడిగా చేసే పని. పెళ్లికూతురి కాలి వేలికి మట్టె తొడిగి, అక్కడికక్కడే నొక్కి బిగించి, మళ్లీ వదులు చేసి సరిచూసేవాడు. అతను చేసిన ఉంగరానికి ముద్ర ఉండదు, నంబరు ఉండదు, చాలాసార్లు బిల్లూ ఉండదు. నలభై ఏళ్ల తర్వాత ఆ ఉంగరం ఏ మ్యూజియానికో చేరితే దాని పక్కన రాసేది ఒకటే: తెలంగాణ, ఇరవై ఒకటో శతాబ్దం.

దీనికి పెద్ద పథకం ఏదీ అక్కర్లేదు. 14 నంబరు ఉంగరం లోపల 54 మిల్లీమీటర్ల చోటుంది. ఒక్కో అక్షరానికి 2 మిల్లీమీటర్లిస్తే 27 అక్షరాలు పడతాయి. హాల్‌మార్క్ ముద్రలకు సగం వదిలినా 13 మిగులుతాయి. పేరు, ఊరు, సంవత్సరం వాటిలో ఇముడుతాయి. ఈ దసరాకు ఉంగరం చేయించేవాళ్లు పాలిష్ పెట్టకముందే అవుసలాయనను ఒక మాట అడగండి, లోపల తన పేరు చెక్కమని. మజూరీ ఇంకో వంద ఎక్కువ అడిగితే ఇచ్చేయండి.